తెల్లవారితే శనివారం

14 సెప్టెంబరు 2011, బుధవారం

ఈ ఉదయం ఇడ్లీ పొట్లం విప్పితే చట్నీ కింద నా కామాలు కనిపించాయి. మా రిక్వైర్‌మెంట్ పత్రం, మూడో వెర్షన్, పదకొండో పేజీ. ఆఫీసులో పారేసిన కాగితాలు బండి అతను కిలోల లెక్కన కొంటాడట. ఇప్పుడు నడుస్తున్నది తొమ్మిదో వెర్షన్. ఇడ్లీలకి కాగితం కొరత రాదు.

మా ఆఫీసు దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ పైన మూడో అంతస్తు. ఆరుగురం. నా పని: కస్టమరుకి ఏం కావాలో అడగాలి, రాయాలి, ప్రోగ్రామరు సాయికుమార్‌కి ఇవ్వాలి. అడగడం తప్ప మిగతావి బాగా చేస్తాను.

ప్రస్తుత కస్టమరు మట్టయ్య గారు. ఎల్.బి.నగర్ దాటాక సాగర్ రోడ్డు మీద అండాళ్ గార్డెన్స్ అనే ఫంక్షన్ హాలు ఆయనది. ఏ రోజు హాలు ఎవరికి ఇచ్చారో కంప్యూటర్‌లో కనిపించాలి. అంతే పని. ఏప్రిల్‌లో అంతే. ఇప్పుడు కుర్చీలు, జనరేటరు డీజిలు, చెప్పుల స్టాండు కూడా ఉన్నాయి.

శ్రావణం పెళ్లిళ్లు అయిపోయాయి. భాద్రపదంలో హాలు ఖాళీ. దసరాకల్లా సాఫ్ట్‌వేర్ అప్పజెప్పాలి, కార్తీకం బుకింగులు అందులోనే రాస్తారు. నా ప్రొబేషను కూడా దసరాకే ముగుస్తుంది. "టైముకి ఇచ్చావంటే పర్మనెంటు చేస్తానమ్మా. లేకపోతే, చూద్దాం," అన్నారు మా బాస్ రామమోహనరావు గారు. ఆయన "చూద్దాం" అన్నవాళ్లెవరూ ఇప్పుడు ఈ ఆఫీసులో లేరు.

ఇంకో విషయం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నిన్న మొదలైంది. నాన్న ఆర్టీసీ కండక్టరు. సోమవారం నుంచి బస్సులు కూడా ఆగుతాయట. అంటే నెలాఖరుకి ఇంట్లో జీతం తెచ్చేది నేనొక్కదాన్నే.

అందుకని నిర్ణయం. ఈ రోజు నుంచి:

రాతపూర్వకంగా, సంతకంతో వస్తే తప్ప ఒక్క మార్పూ తీసుకోను. నోటిమాట చెల్లదు. "కుదరదు" అంటాను.

తొమ్మిదో వెర్షన్ మీద మట్టయ్య గారు ఈ మధ్యాహ్నమే సంతకం చేశారు. ప్రతి పేజీ శ్రద్ధగా తిప్పారు. "మస్తున్నది" అన్నారు. సంతకం గుండ్రంగా, ఏ అక్షరానికి ఆ అక్షరం విడిగా. పత్రంలో ఒక్క తప్పు లేదు. మా కాన్వెంటు సిస్టర్ ఫిలోమినా చూస్తే వంద వేసేది.

మార్పుల కోసం ఫారం కూడా తయారుచేశాను. కారణం, ప్రభావం, సంతకం. చాలా అందంగా వచ్చింది!

రాత్రి అద్దం ముందు "కుదరదు" అని సాధన చేశాను. అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

"ఎవలికి చెప్తున్నవే?"

"ఎవరికీ కాదమ్మా."

"జర గట్టిగ చెప్పు మరి. నాకే ఇనవడలె."


16 సెప్టెంబరు, శుక్రవారం

మట్టయ్య గారి ఫోను.

"మేడం, అంత మంచిగనే ఉన్నది గని, తెరవంగనే వినాయకుడు కనవడాలె. లగ్గాల పని గద. చిన్న పనే."

ఊపిరి పీల్చుకున్నాను. నోరు తెరిచాను. "చూస్తాను సార్" అని వచ్చింది.

ఆలోచిస్తే, వినాయకుడిని ఫారం నింపి సంతకం పెట్టి రమ్మనడం బాగుండదు. సవరణ: దేవుడు మార్పు కిందికి రాడు.

మిగతా నిర్ణయం యథాతథం. పదో వెర్షన్.


19 సెప్టెంబరు, సోమవారం

బస్సుల్లేవు. సరూర్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా షేర్ ఆటో. నలుగురు కూర్చునే చోట తొమ్మిది మంది. నేను సగం బయట, ఫారాల ఫైలు పూర్తిగా లోపల.

పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని డిపో ముందు సమ్మె శిబిరానికి బయలుదేరాడు. "డిమాండ్లు ఎన్ని నాన్నా?" అని అడిగాను.

"ఒక్కటే."

"మధ్యలో ఏమైనా కలిపారా?"

"ఏం కలుపుతరు? కావాల్సింది ఒక్కటే గద."

ఒక్క వాక్యం. ఏళ్ల తరబడి ఒక్క మాట మారలేదు. ఇంత మంచి రిక్వైర్‌మెంట్ పత్రం నేను ఇంతవరకూ చూడలేదు.

హాలు దగ్గర అండాలమ్మ గారు ఉన్నారు. మట్టయ్య గారి భార్య. హాలు ఆవిడ పేరు మీదే ఉంది, నడిపేదీ ఆవిడే. మట్టయ్య గారు కుర్చీలో కూర్చుంటారు, ఆవిడ నిలబడి ఉంటారు.

"బిడ్డా, పెండ్లి అయినంక గుండిగలు ఎన్నొచ్చినయ్, గరిటెలు ఎన్ని పోయినయ్, గది గూడ చెప్పాలె నీ మిషన్. పోయిన మాఘంల రెండు గుండిగలు పోయినయ్. గంత పెద్దయి ఎట్ల పోతయో!"

"అమ్మా, అది కొత్త... మార్పు అవుతుంది... ఒక ఫారం..."

"ఏందీ? జర మింగకుండ మాట్లాడు బిడ్డ."

ఫారం ఇచ్చాను. అదే సమయానికి కరెంటు పోయింది. సింగరేణి బొగ్గు రావడం లేదు కాబట్టి ఈ మధ్య పగలు కూడా పోతోంది. ఆవిడ ఫారంతో విసురుకున్నారు. తరవాత నాకు కూడా విసిరారు. "చెమటలు వట్టినయ్, బుగ్గలు జూడు ఎట్ల ఎర్రగైనయో."

ఆ గాలికి కాదనలేకపోయాను. సవరణ: వంటపాత్రలు హాలులో భాగమే.

ఫారం దళసరిగా ఉంది. విసురుకోవడానికి బాగానే పనికొచ్చింది.


23 సెప్టెంబరు, శుక్రవారం

సాయికుమార్ నా బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. మామూలుగా మంచివాడు.

"మేడం, మీరు 'చూస్తాను' అన్నప్పుడల్లా నాకొక ఆదివారం పోతున్నది. మీరు చూసుడు బంద్ చేయండి."

"ఫారం లేకుండా తీసుకోకూడదని నిర్ణయించుకున్నాను."

"ఎప్పుడు?"

"పోయిన వారం, బుధవారం."

"అప్పటి నుంచి ఎన్ని తీసుకున్నరు?"

లెక్క చెప్పాను. అతను నవ్వలేదు. "మా ఇంటామె బతుకమ్మకన్న ఇంట్ల ఉంటవా అని అడుగుతున్నది. ఉంటనా మేడం?"

"చూస్తాను," అన్నాను. అన్నాకే అర్థమైంది.


28 సెప్టెంబరు, బుధవారం

ఉదయం: మట్టయ్య గారి ఫోను. "స్క్రీన్ గులాబీ రంగు పెట్టుండ్రి." నేను ఫోను పెట్టేలోపే సాయికుమార్ పెట్టేశాడు. దీనికి ఆదివారం అక్కర్లేదట.

మధ్యాహ్నం: రామమోహనరావు గారు చూశారు. ఆయనది తెనాలి. చాలాసేపు చూశారు. "కళ్ళకి కొంచెం ఎక్కువైందేమో కదమ్మా," అన్నారు.

మూడు గంటలు: అండాలమ్మ గారు. "పెండ్లిండ్లకు అన్ని దిక్కులోళ్లు ఒస్తరు. గులాబీ ఎందుకు? పసుపు పెట్టు, శుభం."

నాలుగు గంటలు: మట్టయ్య గారు. "పసుపా! నన్ను ఊర్లె తిరగనిస్తరా మేడం?"

ఆకుపచ్చ, ఎరుపు, కాషాయం కూడా ప్రయత్నించాము. ప్రతి రంగూ ఎవరో ఒకరిదని తేలింది.

సాయంత్రం: బూడిద రంగు. అందరూ ఒప్పుకున్నారు. మొదట ఉన్నది అదే.

పన్నెండు నుంచి పదిహేడు దాకా వెర్షన్లు ఈ రోజే ఖర్చయ్యాయి. ఫారాలు ఒక్కటీ ఖర్చు కాలేదు. సవరణ: రంగులు రాజకీయం, పని స్కోపు కాదు.

ఇప్పుడు నా నిర్ణయం కిందికి ఏం వస్తుందో రాద్దామని కూర్చున్నాను. ఏమీ తోచలేదు. బతుకమ్మ పాటలు వినిపిస్తున్నాయి. పడుకున్నాను.


1 అక్టోబరు, శనివారం

బాస్ లోపలికి పిలిచారు. "కూర్చో," అన్నారు. ఆయన కూర్చోమంటే మంచిది కాదని సాయికుమార్ అంటాడు.

"నువ్వు మంచి అమ్మాయివి సంధ్యారాణీ. అదే సమస్య. క్లయింటు అడుగుతూనే ఉంటాడు, అడగడం ఆయన హక్కు. కాదనడం నీ ఉద్యోగం. గురువారం దసరా. ఇంకొక్క మార్పు ఒప్పుకున్నావంటే, ఇక మనం చూద్దాం."

ఇంట్లో ఈ రోజు ఒకటో తేదీ అని ఎవరూ అనలేదు. నాన్న శిబిరం నుంచి వచ్చి రేడియో బాగుచేస్తూ కూర్చున్నాడు. అది పాడవలేదు.

పాత నిర్ణయం, సవరణలన్నీ కొట్టేసి, మళ్లీ. ఒకే మాట. కుదరదు.


3 అక్టోబరు, సోమవారం

గెలిచాను!

పదకొండు గంటలకి అండాలమ్మ గారు స్వయంగా ఆఫీసుకి వచ్చారు. కరెంటు లేదు, లిఫ్టు లేదు. మూడు అంతస్తులు ఎక్కి నా ఎదురుగా కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకున్నారు.

"బిడ్డా, ఒక్కటే మాట. జగన్ గాడు చూపిచ్చిండు నాకు." జగన్ ఆవిడ మేనల్లుడు, హాలు కంప్యూటర్ ముందు కూర్చోబోయేది అతనే. "నీ మిషన్ల రోజు అర్ధరాత్రి మారుతున్నది."

"అవునమ్మా."

"గట్ల మారొద్దు. పొద్దు పొడిస్తెనే రోజు మారాలె. అర్ధరాత్రి మారుడేంది, దొంగల లెక్క!"

సాయికుమార్ తల పైకెత్తాడు. బాస్ గది తలుపు ఓరగా తెరిచి ఉంది. వినాయకుడు, గుండిగలు, గులాబీ, ఇప్పుడు సూర్యుడు. "చూస్తాను" నాలుక చివరి దాకా వచ్చింది. అయినా అన్నాను.

"కుదరదమ్మా."

బాస్ గది తలుపు ఇంకొంచెం తెరుచుకుంది.

"గట్ల గాదు బిడ్డ, జర ఇను, లగ్గం రాత్రి పూట..."

"రోజంటే ఏమిటో పత్రంలో నాలుగో పేజీలో రాశాము. రాత్రి పన్నెండు నుంచి రాత్రి పన్నెండు దాకా. సార్ సంతకం చేశారు." అప్పటికే పేజీ తెరిచి ఆవిడ ముందు పెట్టాను. వేలితో చూపించాను.

ఆవిడ పేజీ వైపు చూశారు. నా వైపు చూశారు.

"గట్లనా. సరే బిడ్డ. చదువుకున్నదానివి, నీకెర్క."

మెట్లు దిగి వెళ్లిపోయారు. టీ తాగలేదు.

సాయికుమార్ కిందికి పరిగెత్తి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చాడు. అందరికీ పంచాడు. బాస్ బయటికి వచ్చి "శభాష్" అన్నారు. రాత్రి అద్దం ముందు మళ్లీ ఒకసారి అన్నాను. ఈసారి అమ్మకి వినపడింది.


6 అక్టోబరు, గురువారం, దసరా

అప్పజెప్పాము. గడువులోపు!

మట్టయ్య గారు మానిటరుకి బొట్టు పెట్టారు, కీబోర్డు మీద బంతిపూలు చల్లారు, కొబ్బరికాయ కొట్టారు. సాయికుమార్ కంప్యూటర్‌కి అడ్డంగా నిలబడి నీళ్లు పడకుండా కాపాడాడు. ఇన్నేళ్లుగా పెళ్లిళ్లు రాసుకున్న పెద్ద డైరీకి కూడా బొట్టు పెట్టి, ఎర్రగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టేశారు. "ఇగ నీకు రిటైర్‌మెంట్," అన్నారు దానితో.

అండాలమ్మ గారు నాకు జమ్మి ఇచ్చి, నెత్తి మీద చెయ్యి పెట్టారు. రోజు గురించి మళ్లీ మాట్లాడలేదు.


25 అక్టోబరు, మంగళవారం

నిన్న సమ్మె ఆపారు. బస్సులు అంతకుముందు నుంచే తిరుగుతున్నాయి. నాన్న మళ్లీ డ్యూటీకి వెళ్తున్నాడు.

"డిమాండ్ ఏమైంది నాన్నా?"

"గట్లనే ఉన్నది. ఒక్క అక్షరం గూడ మారలే."

నాకు పర్మనెంటు ఉత్తరం రాలేదు. ధైర్యం చేసి బాస్‌ని అడిగాను. "నాలుగు పెళ్లిళ్లు జరగనివ్వమ్మా. సాఫ్ట్‌వేర్ ఎలా నడుస్తుందో చూద్దాం."

చూద్దాం అన్నారు. అమ్మకి చెప్పలేదు.


10 నవంబరు, గురువారం

సాయంత్రం ఏడు గంటలకి మట్టయ్య గారి ఫోను.

"మేడం, లైట్లేసినం, పూలోడొచ్చి మండపం కట్టిండు, నీళ్ల ట్యాంకర్ ఒచ్చింది. పెండ్లోళ్లే ఒస్తలేరు."

"వాళ్లకి ఫోను చేశారా సార్?"

"చేసిన. పెండ్లి రేపు గద అంటున్నరు. కంప్యూటర్ల జూస్తె ఇయ్యాలనే ఉన్నది. కంప్యూటర్ అబద్ధం చెప్పదు గద?"

"చెప్పదు సార్," అన్నాను.

పెళ్లివాళ్లు పొరపడ్డారేమోనని కూడా అన్నాను. సొంత కూతురి పెళ్లి ఏ రోజో.


11 నవంబరు, శుక్రవారం

ఉదయం ఎనిమిదింటికే హాలుకి వెళ్లాను. మండపం మీద నిన్నటి పూలు. జగన్ ఆ పెళ్లి కార్డు చూపించాడు. వనస్థలిపురం మల్లికార్జునరావు గారి అమ్మాయి పెళ్లి.

సుముహూర్తం: శుక్రవారం రాత్రి 2.51 గంటలకు (తెల్లవారితే శనివారం).

జగన్ కార్డులో ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. శుక్రవారం, రాత్రి, 2.51. మా సాఫ్ట్‌వేర్‌కి శుక్రవారం అర్ధరాత్రే మొదలవుతుంది. కాబట్టి దాని లెక్కలో శుక్రవారం రాత్రి 2.51 అంటే నిన్న రాత్రి. ముహూర్తం ముందు సాయంత్రం నుంచి మరునాటి మధ్యాహ్నం దాకా హాలు ఇవ్వాలి. నిన్న సాయంత్రం నుంచి ఈ మధ్యాహ్నం దాకా ఇచ్చింది.

ఆ తరవాత ఈ సాయంత్రం ఖాళీగా చూపించింది. జగన్ దాన్ని బడంగ్‌పేట్ లచ్చయ్య గారికి ఇచ్చాడు. వాళ్ల అమ్మాయి పెళ్లి రేపు పొద్దున తొమ్మిదిన్నరకి.

అంటే ఈ సాయంత్రం ఒక హాలుకి రెండు పెళ్లిళ్లు వస్తున్నాయి.

మా సాఫ్ట్‌వేర్ ప్రకారం మల్లికార్జునరావు గారి అమ్మాయికి పెళ్లయిపోయింది. గుండిగలు తిరిగి వచ్చాయా అని స్క్రీన్ మీద అడుగుతోంది.

ఇలాంటి కార్డులు మా ఇంటికి ఏడాది పొడుగునా వస్తాయి. పసుపు రాసిన మూలలతో సహా చిన్నప్పటి నుంచి చదువుతున్నాను.

అండాలమ్మ గారు నెల రోజులుగా తుర్కయంజాల్‌లో, పురుడు పోసుకున్న కూతురి దగ్గర ఉన్నారు. కబురు విని తొమ్మిదింటికి ఆటో దిగారు. కళ్లజోడు తేలేదని కార్డు జగన్ చేత చదివించుకుని విన్నారు.

"గిదే చెప్పనీకె ఒచ్చిన బిడ్డ, గా దినం."

"మీరు చెప్పారమ్మా. నేనే వినలేదు." ఎందుకని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే సరిపోయేది.

"ఇగ గది పోనీ. సాయంత్రం ఆరు గొట్టంగ రెండు మందలు దిగుతయి. ఏం చేద్దాం, చెప్పు."

చుట్టుపక్కల హాళ్లన్నిటికీ ఫోన్లు చేశాము. ఈ తేదీకి ఎక్కడా ఖాళీ లేదు. పదకొండు, పదకొండు, పదకొండు. అందరికీ నచ్చిన తేదీ.

బాస్ ఫోను: "ఎందుకైనా మంచిది, సంతకం పేజీ, నాలుగో పేజీ ప్రింటు తీసుకుని అక్కడే ఉండు. మన తప్పు కాదని స్పష్టంగా చెప్పు. నీ ఉత్తరం నా టేబుల్ మీదే ఉందమ్మా, ఈ గొడవ మన మీదికి రాకపోతే సంతకం పెట్టేస్తాను."

ప్రింటు బ్యాగులో పెట్టుకున్నాను.


12 నవంబరు, శనివారం

ఇంటికొచ్చి పడుకుని లేచాను. గొంతు పోయింది. రాస్తాను.

నిన్న సాయంత్రం జగన్ గేటుకి రెండు ఫ్లెక్సీలు కట్టాడు, పక్కపక్కనే. ఆరింటికి మల్లికార్జునరావు గారి కార్లు, ఆ వెనకే లచ్చయ్య గారి రెండు డీసీఎం వ్యాన్లు. అందరూ దిగి, ఫ్లెక్సీల కింద నిలబడి చదువుకున్నారు.

"ఏమ్మా, ఇదేంటి, మా అమ్మాయి పేరు పక్కన ఇంకో అమ్మాయి పేరుంది? మా వియ్యాలవారు కారు దిగి, ఏ పెళ్లికొచ్చామా అని చూస్తున్నారు!" అన్నారు మల్లికార్జునరావు గారు.

"మాకు గీ హాలే చెప్పిండ్రు మేడం," అన్నారు లచ్చయ్య గారు. "ఊర్లె అందరికి గీ హాలే అని చెప్పినం. ఇప్పుడు చుట్టాలను యాడికి తోలుకపోవాలె, రోడ్డు మీదికా?"

మట్టయ్య గారు ఇద్దరికీ కంప్యూటర్‌ని చూపిస్తున్నారు. దాని బొట్టు చెరగలేదు.

జనంలోంచి ఎవరో అన్నారు: "గీడ గూడ మీరే ముందటనా?"

ఇంకొకరు: "ఇదిగో, పెళ్లి దగ్గర రాజకీయాలొద్దు. మేము ముందే బుక్ చేసుకున్నాం."

"గదే అంటున్న. ఎప్పుడు జూసిన మీరే ముందు బుక్ జేసుకుంటరు!"

నలభై రోజుల సమ్మెలో మా వీధిలో వినని మాటలు ఫంక్షన్ హాలు గేటు దగ్గర ఐదు నిమిషాల్లో విన్నాను. కారులో కూర్చున్న పెళ్లికూతురు అద్దం పైకి ఎత్తేసుకుంది. డీసీఎంలో ఉన్న పెళ్లికూతురికి అద్దం లేదు. పసుపు బట్టల్లో, బాసింగం డబ్బా ఒళ్లో పెట్టుకుని కళ్లు తుడుచుకుంటోంది.

అండాలమ్మ గారు మైకు తెచ్చి నా చేతిలో పెట్టారు. "మింగకు బిడ్డ."

బ్యాగులో నాలుగో పేజీ ఉంది. తీయలేదు.

మైకులో ముందు గాలి చప్పుడే వచ్చింది. తరవాత, "అమ్మాయిలిద్దరినీ ముందు లోపలికి తీసుకెళ్లండి," అని ఎవరో గట్టిగా అన్నారు. నేనే.

మైకు పక్కన పెట్టి లచ్చయ్య గారి దగ్గరికి వెళ్లాను. "మండపం మీకు ఎన్ని గంటల నుంచి కావాలి? ఎందుకు?" అని అడిగాను. తరవాత మల్లికార్జునరావు గారిని అడిగాను. ఇంతవరకూ ఏ కస్టమరునీ ఎందుకని అడగలేదు.

లచ్చయ్య గారికి ఆ రాత్రి మండపంతో పనే లేదు. చుట్టాలు తినాలి, పడుకోవాలి. పొద్దున ఎనిమిదికి మండపం చాలు. మల్లికార్జునరావు గారికి రాత్రి పదకొండు నుంచి మండపం కావాలి. తెల్లారగానే అప్పగింతలు, అందరూ బస్సెక్కి మగపెళ్లివారి ఊరు రాజమండ్రి వెళ్లిపోతారు. ఇద్దరూ హాలు కావాలని అరుస్తున్నారు. ఒకరికి కావాల్సింది రాత్రి మండపం, ఇంకొకరికి పొద్దుటి మండపం.

పెళ్లికూతురి గది ఒకటే ఉంది. అండాలమ్మ గారు తమ ఇంటి మేడగది లచ్చయ్య గారి అమ్మాయికి ఇచ్చారు. వంటగది దగ్గర మళ్లీ గొడవ. మరునాటికి లచ్చయ్య గారిది మాంసం వంట. మల్లికార్జునరావు గారి వంటవాడు గరిటె కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. అండాలమ్మ గారు పెరట్లో విడిగా పొయ్యిలు పెట్టించారు. రెండు వంటలకి గుండిగలు చాలతాయా? జగన్ కంప్యూటర్‌లో చూసి క్షణంలో చెప్పాడు. చాలతాయి.

సాయికుమార్‌కి మెసేజ్ పెట్టాను: ఆ గుండిగల ఆదివారం వృథా పోలేదు.

మైకులో మొత్తం చదివాను. ఎవరు ముందు తింటారు, ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఏ పెళ్లి ఎప్పుడు. లచ్చయ్య గారు చివరికి ఒక్కటే అడిగారు. "మండపం పూలు గవే ఉంచుతరా, మారుస్తరా?"

"ఉంచుకోండి," అన్నారు మల్లికార్జునరావు గారు. "నిన్నటి నుంచీ మా కోసమే ఉన్నాయట, మాకే తెలీదు."

రెండు పెళ్లిళ్లూ అయ్యాయి.


14 నవంబరు, సోమవారం

"వాళ్లు మనల్ని ఏమైనా అన్నారా?" అని అడిగారు బాస్.

"లేదు సార్."

"అనలేరు. సంతకం ఉంది కదా. నువ్వు ఆ రోజు కుదరదని గట్టిగా అన్నావు కాబట్టే ఇవాళ మనం సేఫ్."

ఉత్తరం ఇచ్చారు. పర్మనెంటు. స్కోపు విషయంలో చూపిన దృఢత్వానికి గుర్తింపుగా, అని రాసి ఉంది.

ఆ రోజు కుదరదు అనడమే తప్పు సార్, అని చెప్పాలి. నోరు తెరిచాను. "థాంక్యూ సార్" అని వచ్చింది.

అమ్మ ఉత్తరం దేవుడి ముందు పెట్టింది. నాన్న డ్యూటీ దిగి వచ్చి, అమ్మ చెప్పింది విని, టోపీ మేకుకి తగిలించాడు.

"పర్మనెంటా? అయితే ఇగ నువ్వు గూడ సమ్మె చెయ్యొచ్చు."


15 నవంబరు, మంగళవారం

సూర్యోదయం కోసం ఫారం నింపాను. కారణం అన్నచోట పెళ్లి కార్డు అంటించాను. అది మొదటి ఫారం. సాయికుమార్ చదివాడు.

"సూర్యుడు రోజూ ఒకటే టైముకు పొడవడు మేడం."

"తెలుసు."

"ఇంకో ఆదివారం."

"తెలుసు."

అతను ఫారం తీసుకున్నాడు. పద్దెనిమిదో వెర్షన్.

సాయంత్రం అండాలమ్మ గారి ఫోను. "బిడ్డా, జంపఖానాల లెక్క గూడ పెట్టరాదు. చిన్న పనే."

"చూస్తా..." దాకా వచ్చి ఆగాను. "ఎందుకమ్మా?"

"ఎందుకేంది? మొన్న ఒకటి రాజమండ్రి పోయింది."

ఈ రోజు నుంచి మళ్లీ:

రాతపూర్వకంగా, సంతకంతో వస్తే తప్ప ఒక్క మార్పూ తీసుకోను. ఎందుకని అడుగుతాను. జవాబు పూర్తిగా వింటాను. అప్పుడు, అవసరమైతే, కుదరదు అంటాను. జంపఖానాలు దీని కిందికి రావు.

ముందు పత్రం మొత్తం మళ్లీ రాయాలి. ఇప్పటిదాకా పదిహేడు వెర్షన్లూ నేను ఇంగ్లీషులో రాశాను. మట్టయ్య గారికీ అండాలమ్మ గారికీ ఇంగ్లీషు చదవడం రాదు.